లెక్కలు రాకపోవుటకు అనుమతి

ఆంధ్రప్రదేశ్‌లో ఏ పౌరుడికైనా లెక్కలు రాకపోవడం నేరం కాదు. అనుమతి తీసుకోకుండా రాకపోవడం మాత్రం క్రమశిక్షణా రాహిత్యం. ఈ సూక్ష్మమైన తేడాను ప్రజలకు తెలియజెప్పడానికే నరసరావుపేటలో విద్యా మినహాయింపుల శాఖ వెలసింది. నేను అందులో గుమాస్తాను. నా పై అధికారి పున్నయ్య గారు. ఒక గది, ఒక బీరువా, ఒక ఫ్యాను (తిరగదు), మేమిద్దరం: ఇదీ శాఖ. చూపు లేనివాళ్లకు పటాలు గీసే పరీక్ష నుంచి, చెయ్యి విరిగినవాళ్లకు డ్రిల్లు నుంచి మినహాయింపులు ఇచ్చేవాళ్లం. చెయ్యి విరిగినవాళ్లు దరఖాస్తును ఆ విరిగిన చేత్తోనే రాయాలి. రెండో చేత్తో రాస్తే అసలు విరగలేదేమోనన్న అనుమానానికి తావుంటుంది.

పున్నయ్య గారు పైసా ముట్టని మనిషి. ఎవరి మీదా కోపం లేదు, ఎవరి మీదా జాలి లేదు. రెండూ నిబంధనల్లో లేవు.

1960లో మా శాఖకు ఒక కేసు వచ్చింది. గురజాల అమ్మాయి, పేరు రత్నకుమారి. తండ్రి ఏలియా తాపీ మేస్త్రీ. ఆయనకు అక్షరం ముక్క రాదు గాని, బండరాయిని కంటితో చూసి ఎన్ని ఘనపుటడుగులో చెప్పేవాడు. తరువాత టేపు పట్టి కొలిస్తే సరిగ్గా అంతే ఉండేది. కూతురి సంగతి వేరు. తెలుగులో కాలేజీ మొత్తానికి ఆమెదే మొదటి స్థానం. చర్చిలో ఏ కీర్తనైనా మొదటి మాట అందిస్తే చివరిదాకా పాడేది. కీర్తన నంబరు చెబితే మాత్రం పుస్తకం చేత్తో పట్టుకుని పక్కవాళ్ల వైపు చూసేది. ముప్పై ఆరుకూ అరవై మూడుకూ ఆమెకు తేడా తెలిసేది కాదు. గడియారం చూడడం రాదు. బస్సును డ్రైవరు ముఖం చూసి గుర్తుపట్టేది. డ్రైవరు సెలవు పెట్టిన రోజున ఒకసారి వినుకొండ దాకా వెళ్లి తిరిగొచ్చింది.

మరి ఎస్సెల్సీ లెక్కల పరీక్ష ఎలా గట్టెక్కింది అని మీరు అడగవచ్చు (మేమూ అడిగాం, మూడు ప్రతుల్లో). పదకొండేళ్ల పాత ప్రశ్నపత్రాల జవాబులన్నీ పద్యాల్లా కంఠస్థం చేసింది. అదృష్టవశాత్తు ఆ సంవత్సరం ప్రశ్నలు తయారుచేసినవారు బద్ధకస్తులు. కాలేజీలో అటువంటి అదృష్టం దొరకలేదు. పీయూసీ సామాన్య గణితంలో మూడుసార్లు తప్పింది. వరసగా వచ్చిన మార్కులు నాలుగు, తొమ్మిది, రెండు.

ఆమెకు లెక్కలు చెప్పిన లెక్చరర్ మక్బూల్ గారు. మంచి మనిషి. ఆమె మూడోసారి తప్పాక ఏడాది పాటు సాయంత్రాలు ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి, చింతగింజలు పెట్టి నేర్పబోయారు. ఆ ప్రయత్నం ఎలా సాగిందో ఆయన తరువాత మా బల్ల ముందు వాంగ్మూలంగా చెప్పారు.

"ఏడూ ఎనిమిదీ ఎంతమ్మాయ్?" అని అడిగారట ఒకనాడు.

"నిన్న పదిహేను సార్."

"మరి ఇవాళ?"

"ఇవాళ ఇంకా చూడలేదు సార్."

ఆ పిల్ల పరిహాసమాడుతున్నదేమోనని ఆయన ఆమె ముఖంలోకి చూశారు. ఆమె నిజంగానే గింజలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పెదవి కొరుకుతూ, ఒక్కొక్క గింజనూ వేలితో తాకుతూ, మధ్యలో తప్పి మళ్లీ మొదటికి వస్తూ. ఆ రాత్రి మక్బూల్ గారికి నిద్ర పట్టలేదట. ముప్పై ఏళ్లుగా తాను సోమరులనుకుని బెంచీ ఎక్కించినవాళ్లలో ఇలాంటివాళ్లు ఎందరో అనుకున్నారట. (ఈ వాక్యం కేసుకు సంబంధం లేనిదని పున్నయ్య గారు కొట్టివేయించారు.)

మర్నాడు ఆయన ఏలియాను పిలిపించారు.

"మేస్త్రీ గారూ, మీ అమ్మాయికి తెలివి తక్కువ కాదు. బద్ధకం అసలే కాదు. కొందరికి ఎరుపూ ఆకుపచ్చా ఒకటిగా కనపడతాయి చూడండి, అటువంటిదే ఇదీ. ఎంత చెప్పినా ఆ పిల్ల తలలో అంకె నిలబడదు."

"మరి నేను చిన్నప్పటి నుంచి దాన్ని కొట్టిందంతా?" అన్నాడు ఏలియా.

"అనవసరంగా కొట్టారు."

ఏలియా తలపాగా విప్పి ముఖం తుడుచుకుని, "అయితే ఇప్పుడు ఏం చెయ్యాలి సారూ?" అన్నాడు. లెక్కల పరీక్ష నుంచి మినహాయింపు అడుగుదామని మక్బూల్ గారు ఉత్తరం రాశారు. ఆ విధంగా ఈ వ్యవహారం సరైన చేతుల్లోకి, అంటే మా చేతుల్లోకి వచ్చింది.

ఉత్తరం పట్టుకుని ముగ్గురూ ఆఫీసుకు వచ్చారు. పున్నయ్య గారు చదివి కళ్లజోడు తీశారు.

"జబ్బు పేరేమిటి?"

"పేరంటూ ఏమీ లేదండీ," అన్నారు మక్బూల్ గారు. "ఉన్నా నాకు తెలియదు."

"పేరు లేని జబ్బుకు ఫైలు తెరవడం కుదరదు."

ఫైలు తెరవకపోతే నాకు పని ఉండదు కాబట్టి నేను కొంచెం చొరవ తీసుకుని "గణితాభావము అందామండీ" అన్నాను. పున్నయ్య గారు ఒకసారి పెదవుల మీద అనుకుని చూసి, సంస్కృతంలో ఉంది కాబట్టి జబ్బే అయి ఉంటుందని ఒప్పుకున్నారు. వైద్యశాస్త్రానికి నేను చేసిన సేవ ఇంతవరకు ఎవరూ గుర్తించలేదు.

తరువాత ఫారం ఇచ్చాం. ఫారం 'గ-7'. అభ్యర్థి స్వహస్తంతో పూరించాలి. ఒకటో గడి: పుట్టిన నాటి నుంచి నేటి వరకు వయస్సు, రోజుల్లో. రెండో గడి: గడచిన పదేళ్లలో చేసిన లెక్కల తప్పులు, నెలకు సగటున. మూడో గడి: లెక్కలు రానితనం నూటికి ఎంత, రెండు దశాంశ స్థానాల వరకు. గడులు సరిగ్గా పూరిస్తే అభ్యర్థికి లెక్కలు వచ్చినట్టే కాబట్టి దరఖాస్తు తిరస్కరిస్తాం. తప్పుగా పూరిస్తే తప్పుడు సమాచారం కింద వాపసు చేస్తాం. ఖాళీగా వదిలితే అసంపూర్ణం. ఎటునుంచి చూసినా పకడ్బందీ ఫారం అది.

రత్నకుమారి బల్ల పక్కన స్టూలు మీద కూర్చుని గంటసేపు దానివంక చూసింది. చివరికి మొదటి మూడు గడుల మీదుగా గుండ్రని అక్షరాలతో ఇలా రాసింది: "ఇవి పూరించడం చేతనైతే నేను మీ దగ్గరకు రానక్కర్లేదు."

పున్నయ్య గారు దాన్ని రెండుసార్లు చదివారు. అక్షరదోషాలు లేవని నిర్ధారించుకుని, గడులు ఖాళీగా లేవు, అంకె లేదు కాబట్టి తప్పు కూడా లేదు అని చెప్పి స్వీకరించారు. మా శాఖ చరిత్రలో ఆ ఫారం మొదటిసారి దాటిన మనిషి ఆమే.

అప్పుడే ఏలియా ఉండబట్టలేక నోరు తెరిచాడు.

"అయ్యా, నాకు లెక్కొచ్చు, అక్షరం రాదు. నా బిడ్డకి అక్షరమొచ్చు, లెక్క రాదు. నాకు అక్షరం రాదని ఒక్కళ్లన్నా ఇన్ని కాయితాలు అడగలేదే! దీన్నెందుకయ్యా ఇట్టా తిప్పుతుండారు?"

"మీరు పరీక్షకు కట్టలేదు," అన్నారు పున్నయ్య గారు, చాలా మర్యాదగా.

వైద్య ధ్రువపత్రం కావాలన్నాం. వైద్యాధికారి నాలుక చూశారు, మోకాలి మీద సుత్తితో కొట్టారు, ఊపిరి గట్టిగా పీల్చమన్నారు. "ఛాతీ శుభ్రంగా ఉన్నది. గణితము ఎక్కడను కనపడలేదు" అని రాసి ఇచ్చారు. మాకు కావలసింది అదే.

ఇక మిగిలింది నిర్ధారణ పరీక్ష. ఇరవై అయిదు లెక్కలు, ఇరవై అయిదు మార్కులు. మినహాయింపు రావాలంటే ఒకటికి తగ్గకుండా, ఆరుకు మించకుండా రావాలి. రత్నకుమారి మా గదిలోనే, తిరగని ఫ్యాను కింద కూర్చుని రాసింది. మొదటిసారి సున్నా వచ్చింది. మక్బూల్ గారు సంతోషించారు. పున్నయ్య గారు తల అడ్డంగా ఊపారు.

"ఇరవై అయిదింటిలో ఒక్కటి కూడా పొరపాటున సరైన జవాబు పడకుండా రాసిందంటే, ఇరవై అయిదు సరైన జవాబులూ తెలిసి తప్పించుకుందన్నమాట. ఇది గణితంలో అసాధారణమైన ప్రతిభ."

రెండోసారి ఏడు వచ్చాయి. రెండు లెక్కల్లో జవాబు ముప్పై ఆరు రావలసి ఉండగా ఆమె అరవై మూడు అనుకుని తిరగేసి రాసింది. అవి సరిపోయాయి. "అభివృద్ధి కనపడుతోంది" అని పున్నయ్య గారు ఫైలులో రాశారు.

ఆ రోజు ఆమె బల్ల దగ్గరకొచ్చి నిలబడింది. ఇరవై ఏళ్ల పిల్ల.

"సార్, ఎన్ని తప్పులు చెయ్యాలో చెప్పండి. సరిగ్గా అన్నే చేస్తాను."

"ఎన్ని చేశావో లెక్క పెట్టుకోగలిగితే నీకు లెక్కలు వచ్చినట్టే కదమ్మా!"

ఆమె పకపకా నవ్వింది. నవ్వు ఆగలేదు. కాసేపటికి చూస్తే ఏడుస్తోంది. ఏలియా లేచి వచ్చి బిడ్డ తల మీద చెయ్యి వేశాడు. "పోనీయ్ తల్లా. ఇంటికి పోదాం. నాతో రాయి మొయ్యి, బతుకుదాం," అన్నాడు. ఆమె ముక్కు తుడుచుకుని, "నేను తెలుగు టీచర్నవుతాను నాన్నా. ఇంకోసారి రాస్తా," అంది. దీన్ని నమోదు చేయడానికి ఫారంలో గడి లేదు.

మూడోసారి రాసింది. మార్కులు నేను కూడితే ఆరు వచ్చాయి. పున్నయ్య గారు సరిచూశారు, అయిదు వచ్చాయి. ఎవరి లెక్క తప్పో తేల్చడానికి సమయం లేక ఇద్దరమూ సంతకాలు చేసి, సగటు అయిదున్నర అని వేసి, మినహాయింపు మంజూరు చేశాం. మక్బూల్ గారు కాగితం చేతిలోకి తీసుకుని తానూ ఒకసారి కూడి చూశారు. ఎనిమిది. ఆయన మా ఇద్దరినీ చూశారు. కళ్లజోడు తుడుచుకుని, కాగితం మడిచి, ఫైలులో పెట్టేశారు. ఆ లెక్కన మా ఇద్దరికీ మినహాయింపు అవసరం కదా అని మీరు అడగవచ్చు. మేము అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నాం.

కథ ఇక్కడితో సుఖాంతం కావలసింది. కాని ప్రభుత్వం ఇచ్చిన కాగితం అంత తేలిగ్గా మనిషిని వదిలిపెట్టదు.

రత్నకుమారి బీయే చదివింది, ట్రైనింగు పూర్తి చేసింది. 1964లో మాచర్లలో ఒక బాలికల ఉన్నత పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయినిగా చేరింది. ఏలియా అప్పటికి కృష్ణ మీద కడుతున్న ఆనకట్ట పనిలో ఉన్నాడు, అక్కడికి దగ్గరే. ఆమె సర్వీసు రిజిస్టరులో "గణితము నుండి మినహాయింపు" అని ఎర్రసిరాతో, పున్నయ్య గారి సంతకంతో రాసి ఉంది. ఏడాది బాగానే గడిచింది. ఏ పీరియడు ఎప్పుడో గంట చెప్పేది. ఏ తరగతి ఎక్కడో పిల్లల ముఖాలు చెప్పేవి.

మరుసటి దసరా సెలవుల తరువాత లెక్కల మాష్టారు బదిలీ అయి వెళ్లిపోయారు. ప్రధానోపాధ్యాయిని ఆరోగ్యమ్మ గారు సర్వీసు రిజిస్టర్లన్నీ తిరగేసి రత్నకుమారిని పిలిచారు.

"పై రెండు తరగతులకూ లెక్కలు నువ్వు చెప్పాలమ్మా."

"అమ్మగారూ! నాకు లెక్కలు రావండీ. రిజిస్టరులో రాసే ఉంది."

"రాసి ఉంది కాబట్టే పిలిచాను. ఈ బడిలో పదకొండు మంది టీచర్లు ఉన్నారు. సర్వీసు రిజిస్టరులో గణితము అన్న మాట ఉన్నది నీ ఒక్కదానికే."

"మినహాయింపు అన్న మాట కూడా ఉందండీ."

"అది తరువాతి వరుసలో ఉంది. ఏమే రత్నం, నన్నేం చెయ్యమంటావు? మనిషిని ఇమ్మని నాలుగు ఉత్తరాలు రాశాను. కొత్తాయన వచ్చేదాకా అయిదు వారాలు చూసుకో."

ఆ అయిదు వారాలు ఏ సంవత్సరంలోవో ఆరోగ్యమ్మ గారు చెప్పలేదు.

మొదటి రోజు రత్నకుమారి తరగతిలో నిలబడి, సుద్దముక్క చేతిలో నలుపుతూ నిజం చెప్పేసింది. "పిల్లలూ, నాకు లెక్కలు రావు. మీలో ఎవరికి వస్తే వాళ్లు నాకు చెప్పాలి. నాకు అర్థమైతే ముందుకు పోదాం, లేకపోతే అక్కడే ఉందాం."

పిల్లలు విరగబడి నవ్వారు. ముందు బెంచీలో ఖైరున్నీసా అనే అమ్మాయి ఉండేది. బస్టాండు దగ్గర సైకిళ్లు బాగుచేసే షబ్బీర్ కూతురు, లెక్కల్లో గట్టి పిల్ల. ఆమె ఠీవిగా లేచి బోర్డు మీద వడ్డీ లెక్క చకచకా చేసేసి వెనక్కి తిరిగింది.

"ఇక్కడ వందతో ఎందుకు భాగించావు?" అంది టీచరు.

"అట్టాగే చెయ్యాలండీ."

"ఎందుకు?"

"పాత మాష్టారు అట్టాగే చెప్పారండీ," అంది ఖైరున్నీసా.

"ఆయనకు తెలుసు కాబట్టి సరిపోయింది. నాకు తెలియదుగా. నాకు చెప్పు."

ఆ ఒక్క 'ఎందుకు' మూడు రోజులు పట్టింది. ఖైరున్నీసా చెప్పలేకపోతే ఇంకొకరు లేచారు, వాళ్లు తడబడితే మరొకరు. వెనక బెంచీలో ఎన్నడూ నోరు విప్పని పిల్లలు కూడా, ఇంతకన్నా మనమే నయంలే అన్న ధైర్యంతో లేచి టీచరుకు నచ్చజెప్పబోయారు. ఆమె అర్థమైనట్టు ఒక్కసారి కూడా నటించలేదు. నిజంగా అర్థమైనప్పుడు చప్పట్లు కొట్టేది. మర్నాటికి మరిచిపోయి మళ్లీ అడిగేది. పిల్లలు మళ్లీ చెప్పేవాళ్లు. ఇలా ఒకే లెక్కను ఏడెనిమిది విధాలుగా చెప్పి చెప్పి, ఆ పిల్లలకు వద్దన్నా లెక్కలు వచ్చేశాయి.

1966 మార్చిలో ఆ బడి నుంచి ఎస్సెల్సీ రాసిన నలభై ఒక్కమందిలో ముప్పై ఎనిమిది మంది లెక్కల్లో ప్యాసయ్యారు. అంతకుముందు సంవత్సరం ప్యాసైనవాళ్లు తొమ్మిది మంది. పల్నాటిలో ఇటువంటిది జరిగితే సాధారణంగా పోలీసులకు చెబుతారు. ఈసారి మాకు చెప్పారు. ఎందుకంటే పున్నయ్య గారికి అప్పటికి తనిఖీ అధికారిగా పదోన్నతి వచ్చింది, ఆయనతోపాటు నేనూ క్యాంపు గుమాస్తాగా కదిలాను.

ఆగస్టులో రైలెక్కి మాచర్ల వెళ్లాం. పున్నయ్య గారు సర్వీసు రిజిస్టరు తెరిచి, ఎర్రసిరా వాక్యం కింద ఉన్న తన సంతకాన్ని భూతద్దం పెట్టి పరీక్షించారు. సంతకం అసలుదే గాని అభిప్రాయం నకిలీది అని తేల్చారు. రత్నకుమారిని పిలిపించారు. ఆమె మమ్మల్ని గుర్తుపట్టి నమస్కరించింది.

"నీకు లెక్కలు రావని మా శాఖకు చెప్పావు."

"అవునండీ."

"నీ పిల్లలకు ఎలా వచ్చాయి?"

"వాళ్లే చెప్పుకున్నారండీ. నేను అర్థం కాలేదని అన్నాను, అంతే."

"లెక్కలు రాని మనిషి దగ్గర ముప్పై ఎనిమిది మంది లెక్కలు నేర్చుకోవడం సాధ్యం కాదు. సాధ్యమైతే, లెక్కలు వచ్చిన ఉపాధ్యాయుల పరిస్థితి ఏమిటి? ప్రభుత్వం ఆ ప్రశ్న వేసుకోలేదమ్మా. కాబట్టి నీకు లెక్కలు వచ్చు."

"నాకు లెక్కలొచ్చాయని మీరంటే నాకు సంతోషమేనండీ. చిన్నప్పటి నుంచీ ఎవరూ అనలేదు. కాని రాలేదు సార్. ఇవాళ పొద్దున కూడా టైము తప్పు చూసి గంట ముందే బడికొచ్చాను."

"సమయపాలన," అని నాకు చెప్పి రాయించుకున్నారు పున్నయ్య గారు.

మినహాయింపు రద్దయింది. ఏ స్థాయిలో బోధిస్తున్నదో ఆ స్థాయి గణిత పరీక్షలో ఆమె ఉత్తీర్ణురాలు కావాలి, లేకపోతే ఉద్యోగం ఖాయపరచడం కుదరదు. అంటే, వచ్చే మార్చిలో తన పిల్లలతోపాటు ఎస్సెల్సీ లెక్కల పేపరు రాయాలి. పాత పద్ధతిలో జవాబులు బట్టీ పట్టడానికి కూడా దారి లేదు. ఈలోగా ప్రభుత్వం వీశెలూ మణుగులూ తీసేసి కిలోలు పెట్టింది. ఆమెకు కంఠస్థమైన పదకొండేళ్ల జవాబులన్నీ ఒక్క గెజెట్‌తో చెల్లకుండా పోయాయి.

పరీక్ష రోజున పరిశీలకుడిగా నన్నే పంపారు. ఏలియా ఆనకట్ట దగ్గర నుంచి పొద్దున్నే వచ్చి గేటు బయట నిలబడ్డాడు. చేతిలో కూతురికి అన్నం మూట. జుట్టు నెరిసింది. నన్ను చూసి పలకరించలేదు. కూతురితో మాత్రం, "ఒమ్మాయ్, ఎన్ని మార్కులొచ్చినా నేను లెక్కెయ్యన్లే. నువ్వు భయపడబాక," అన్నాడు. చిన్నప్పుడు తప్పిన ప్రతి ఎక్కానికీ ఆమె అరచేతి మీద బెత్తం విరిచిన మనిషి ఆయనే. ఆమె ఆయన చెయ్యి ఒకసారి గట్టిగా పట్టుకుని లోపలికి వచ్చింది.

లోపల తన నంబరున్న బల్ల దొరక్క మూడు వరుసలు తిరిగింది. ఖైరున్నీసా లేచి వెళ్లి, వేలు పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టింది. ఎర్రంచు తెల్లచీర కట్టుకున్న టీచరు, చుట్టూ లంగా ఓణీల్లో ఆమె పిల్లలు. అరగంట అయ్యేసరికి హాలంతా గుసగుసలు మొదలయ్యాయి.

"టీచరుగారూ, ఎనిమిదోది ముందు చెయ్యండి. అది తేలిక."

"టీచరుగారూ, నా కాయితం ఇటు తిప్పుతున్నా, చూసుకోండి."

నా ఇరవై ఏళ్ల సర్వీసులో పిల్లలు టీచరుకు కాపీ అందించడం అదే మొదటిసారి చూడటం. రత్నకుమారి లేచి నిలబడింది. చెంపలు ఎర్రబడ్డాయి. "ఎవరి పేపరు వాళ్లు చూసుకోండి. సిగ్గులేదూ?" అంది, తరగతిలో అన్నట్టే. తరువాత తన బల్లను తానే ఈడ్చుకుని గోడవైపు తిప్పుకుని కూర్చుంది. మూడు గంటలూ గోడకు ఎదురుగా కూర్చుని, వేళ్లు మడుస్తూ, కొట్టేస్తూ, మళ్లీ రాస్తూ ఉంది. గంట కొట్టాక కూడా చివరి లెక్క మీదే ఉంది. కాగితం నేనే తీసుకోవలసి వచ్చింది. కింద చిన్న అక్షరాలతో "దీని కారణం తెలిసింది గాని జవాబు రాలేదు" అని రాసి ఉంది. కారణానికి మార్కులు లేవు.

జూన్‌లో ఫలితాలు వచ్చాయి. ఆ బడి నుంచి రాసిన పిల్లలందరూ లెక్కల్లో ప్యాసయ్యారు. ఖైరున్నీసాకు నూటికి తొంభై ఆరు. రత్నకుమారికి పదకొండు. అందరూ అనుకున్నట్టు ఆమె మంచం పట్టలేదు. ఖైరున్నీసా మార్కులు నలుగురి చేత చదివించుకుని, చక్కెర తెప్పించి బడంతా పంచింది. తన మార్కుల గురించి ఎవరైనా ఓదార్చబోతే, "రెండు నుంచి పదకొండుకు వచ్చానుగా. ఎంత పెరిగిందో మాత్రం నన్ను అడక్కండి," అనేది.

పున్నయ్య గారి ఉత్తర్వు జులైలో వెళ్లింది. అందులో మొదటి భాగం అభినందన: గణిత బోధనలో అసమాన ఫలితాలు సాధించినందుకు. రెండో భాగం మందలింపు: ఇంత సమర్థమైన బోధన అందుబాటులో ఉండగా దాన్ని వినియోగించుకోనందుకు. మూడో భాగం దిద్దుబాటు: గణితంలో వెనకబడిన అభ్యర్థినులకు పాఠశాల వేళల తరువాత జరిగే ప్రత్యేక తరగతులకు ఆమె విధిగా హాజరు కావాలి. ఆ తరగతులు పాఠశాల గణిత ఉపాధ్యాయిని నిర్వహించాలి. కొత్త మాష్టారు ఇంకా రాలేదు కాబట్టి గణిత ఉపాధ్యాయిని రత్నకుమారే.

ఉత్తర్వు చదివి ఆరోగ్యమ్మ గారు కుర్చీలో కూలబడ్డారట. "రాజీనామా పారెయ్యి రత్నం. నేనూ పారేస్తాను," అన్నారట.

"ఎందుకమ్మగారూ? ఈ టీచరు మంచిదే. కొట్టదు," అందట రత్నకుమారి.

సెప్టెంబరులో హాజరుపట్టీ తనిఖీకి నేను వెళ్లాను. సాయంత్రం, బడి వదిలేశారు. గదిలో రత్నకుమారి బోర్డు మీద ఒక లెక్క రాసింది. వచ్చి బెంచీలో కూర్చుని దానివంక చూసింది. మళ్లీ లేచి వెళ్లి ఒక అంకె చెరిపింది. వెనక బెంచీల్లో పదిహేను మంది దాకా పిల్లలు ఉన్నారు, ఎవరూ రమ్మనని పిల్లలు. ఇంటికి వెళ్లమంటే వెళ్లడం లేదట. నన్ను చూసి ఆమె సుద్దముక్క ముందుకు చాచింది.

"గుమాస్తా గారూ, మంచి సమయానికి వచ్చారు. ఇక్కడ ఈ మూడు ఎందుకు పైకి పోయిందో మాకెవరికీ తెలియడం లేదు. మీరు చెబుతారా?"

పదిహేను జతల కళ్లు నావైపు తిరిగాయి. నేను బోర్డు చూశాను. మూడు నిజంగానే పైకి పోయింది. నేను ఆఫీసు పని మీద వచ్చానని చెప్పి, పట్టీలో సంతకం చేసి బయటపడ్డాను. మెట్లు దిగుతుంటే వెనక నుంచి పిల్లల నవ్వు, దానిమీదుగా ఆమె గొంతు వినిపించాయి: "నవ్వకండే. ఆయనకు కూడా తెలియదు, పాపం. అడగడం అలవాటు లేదు, అంతే."

నా నివేదిక చదివి పున్నయ్య గారు రెండు రోజులు ఆలోచించారు. తరువాత తమ అభిప్రాయం రాశారు. ఉపాధ్యాయిని ఓపిక ప్రశంసనీయం. విద్యార్థిని మందకొడి, పైగా ఉపాధ్యాయినితో మితిమీరిన చనువు. ఇటువంటి ఇద్దరు ఒకే పాఠశాలలో ఉండడం క్రమశిక్షణకు మంచిది కాదు కాబట్టి ఒకరిని మాచర్లలో ఉంచి, ఒకరిని బొల్లాపల్లికి బదిలీ చేయవలెను.

ఉత్తర్వు టైపు చేయడానికి కూర్చున్నాను. పేరు దగ్గర ఆగిపోయాను. లేచి వెళ్లి, బొల్లాపల్లి వెళ్లవలసింది ఎవరండీ, ఉపాధ్యాయినా, విద్యార్థినా అని అడిగాను.

పున్నయ్య గారు ఫైలులోంచి తలెత్తలేదు.

"అది తరువాత సంగతి. ముందు మొత్తం ఎంతమందో లెక్క తేల్చు," అన్నారు.